మునెయ్య బిళ్ళకు వచ్చిన డబ్బా

సన్నకుప్పంలో ఏది పంచుకోవాల్సి వచ్చినా ముందు కుండ తెస్తారు. పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర రొయ్య విరగబడి పడే చోటు ఒకే ఒక్కటి. వలలు కట్టే ఇళ్ళేమో ఊరినిండా. అందరూ ఒకేసారి ఎగబడితే రొయ్యల కంటే ముందు తలకాయలు తేలతాయి. అందుకని ఇంటికో మట్టిబిళ్ళ. పాతకాలం వలలకు బరువుగా కట్టిన బిళ్ళలే అవి. ఒకదానికి ఒక గాటు, ఒకదానికి రెండు, ఇంకోదానికి చేపతోక గీత. అన్నీ కుండలో వేసి, కళ్ళు ఆనని ముసలితాతను కూర్చోబెట్టి ఒక్కొక్కటే తీయిస్తారు. ఎవరి బిళ్ళ వస్తే ఆ పూట మొగ వాళ్ళది. పెళ్ళయిన మగవాడికి ఒక బిళ్ళ. అతను పోతే కొడుక్కి, కొడుకు లేకపోతే అన్నదమ్ములకి. ఆడవాళ్ళకు బిళ్ళ లేదు. ఎందుకు లేదయ్యా అంటే, ఎప్పుడూ లేదు కాబట్టి లేదు.

కాబట్టి మూత్రం పట్టే డబ్బాలు ఊళ్ళోకి వచ్చిన నాడు కూడా కుండే వచ్చింది.

డబ్బాలు తెచ్చింది ఆరోగ్యకేంద్రం నర్సు సుభాషిణి. చేపలు వేలం వేసే పాకలో మగవాళ్ళను కూర్చోబెట్టి, మూతలున్న తెల్ల డబ్బాలను బల్ల మీద వరసగా పెట్టింది. నెల్లూరులో ఒక పెద్దాసుపత్రి వాళ్ళు మూత్రసంచిలో పుట్టే క్యాన్సర్‌ను మూత్రంతోనే పసిగట్టే పరీక్ష చేస్తున్నారనీ, ఈ ఊరికి ఇరవై డబ్బాలు ఇచ్చారనీ చెప్పింది. యాభై దాటినవాళ్ళు, పొగ తాగేవాళ్ళు, రంగుల్లో తారులో చేతులు పెట్టినవాళ్ళు, ముఖ్యంగా మూత్రంలో ఎరుపు కనిపించినవాళ్ళు ముందుకు రావాలంది.

ఒక్కడూ కదల్లేదు. మాలకొండయ్య మాత్రం చెయ్యెత్తాడు.

మాలకొండయ్య చెయ్యెత్తాడంటే పాకలో సగంమంది అప్పటికే నవ్వడం మొదలుపెడతారు. అరవై దాటినా బుద్ధి రాని మనిషి. బావమరుదుల చెప్పులు దాచడం దగ్గర మొదలుపెట్టి, పెద్దకాపు పడవ వేలానికి వచ్చిందని మైకులో చాటించడం దాకా వెళ్ళినవాడు.

"అమ్మాయ్, తెల్లారి పోసేది కావాల్నా, కల్లు తాగినాక పోసేదా?"

"ఏదైనా పనికొస్తది మామా. నీది నువ్వు పోస్తే చాలు," అంది సుభాషిణి. ఈ ఊళ్ళో పనిచేయాలంటే ఈ మామతో వేగాలని ఆమెకు ఎప్పుడో తెలుసు.

ఉచ్చను చూసి లోపలి జబ్బు ఎట్టా చెప్తారని ఎవరో వెనకనుంచి అడిగారు. సుభాషిణి కాసేపు ఆలోచించి, కింద పడి ఉన్న చేప పొలుసు ఒకటి తీసి వేలిమీద పెట్టుకుంది.

"దీన్ని చూసి ఏ చేపదో చెప్పలేవా మామా నువ్వు?"

"మడవది."

"సంచి లోపలి పొర కూడా ఇట్నే రాలతా ఉంటది. మనకు కంటికి కనపడదు. రాలినదాంట్లో జన్యువులుంటాయి. లాబులో వాటిని చదివితే, మంచి పొరదా, చెడి పెరిగినదాందా తెలస్తది. తేడా అని వస్తే అప్పుడు గొట్టం పెట్టి లోపల చూస్తారు. ఒక్కోసారి ఇది కూడా తప్పుతది. అయినా ఏమీ చూడకుండా ఉండేదానికంటే నయం గదా."

పెద్దకాపు హజరత్తయ్య లేచాడు. ఊరికి పెద్ద, మాలకొండయ్యకు పెళ్ళాం మహాలక్ష్మి తరఫున బావ. నవ్వడం ఆయన ఒంటికి పడదు. ఎరుపు కనిపించినవాడు ఇంతమందిలో లేచి నిలబడతాడా అన్నాడు. నీకా నాకా అని గొడవ పడేకంటే కుండ పెడితే సరిపోతుందన్నాడు. ఇది రొయ్యలు పంచుకోవడం కాదు పెద్దయ్యా, జబ్బు వంతు చూసి రాదు అని సుభాషిణి గట్టిగానే చెప్పింది. కుండకు పక్షపాతం లేదని ఆయన తేల్చేశాడు. అప్పటికే ఎవరో కుండ పట్టుకొచ్చారు.

ముసలితాత చెయ్యి కుండలోకి పోయి వస్తూ ఉంది. మూడోసారికి చేపతోక గీత వచ్చింది, అది మాలకొండయ్యది. డబ్బా అందుకుని నెత్తిన పెట్టుకుని పాక చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. హజరత్తయ్య సొంత బిళ్ళ రాలేదు. చివర్లో రెండు గాట్ల బిళ్ళ వచ్చింది. అది ఆరేళ్ళ కింద చనిపోయిన ఆయన తమ్ముడు మునెయ్యది. పిల్లలు లేకుండా పోయాడు కనక బిళ్ళ అన్న చేతికి వచ్చింది. హజరత్తయ్య ఆ డబ్బా తీసుకుని, ముత్తుకూరు పోర్టులో పనిచేసే కొడుకు గిరిబాబు ఎల్లుండి వస్తాడు, వాడికి ఉంటుందిలే అన్నాడు. గిరిబాబుకు ముప్పై ఏళ్ళు. బీడీ కూడా ముట్టడు.

పాకకు అవతల ఇసకలో ఆడవాళ్ళు చేపలు ఎండేస్తున్నారు. చేపల వాసన ముక్కుకు పట్టకుండా ఒక్కొక్కరి నోట్లో ఒక్కో చుట్ట. పొగ తాగేవాళ్ళు ముందుకు రావాలన్నప్పుడు ఆ పొగ పాకలోకి కూడా వచ్చింది గానీ, ఎవరూ అటు తల తిప్పలేదు. వాళ్ళలో మాలకొండయ్య అక్క పేరమ్మ ఉంది. ఆ మునెయ్య భార్యే పేరమ్మ. చేతిలో చేప పట్టుకుని, తిరగేయడం మరిచిపోయి, తమ్ముడి నెత్తిమీది డబ్బాకేసి చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున మాలకొండయ్య పొయ్యి దగ్గర కూర్చున్నాడు. మహాలక్ష్మి చేత పాలు లేని టీ పెట్టించి, అందులో నీళ్ళు కలిపి, వెలుగులో పెట్టి చూసి, ఇంకా కొంచెం కలిపాడు. ఎందుకిట్లా నీళ్ళు చేస్తున్నావని ఆమె అడిగితే, వైద్యానికి అన్నాడు. డబ్బాలో పోసి మూత బిగించి, తుండుగుడ్డలో చుట్టి, వేడి ఆరకుండా చంకలో పెట్టుకుని పాకకు బయలుదేరాడు.

పాక దగ్గర సుభాషిణికి అప్పటికే తల తిరిగిపోయి ఉంది. సగంమంది డబ్బాలను ఐసులో పూడ్చి రొయ్యల పెట్టెల్లో పెట్టుకొచ్చారు. ఒంట్లోంచి వచ్చినది ఏదైనా, చేప అయినా ఉచ్చ అయినా, ఐసు లేకపోతే మధ్యాహ్నానికి కంపు కొడుతుందని వాళ్ళ లెక్క. ఐసు వద్దనీ, తను కలిపే చిన్న గొట్టంలోని మందే దాన్ని కాపాడుతుందనీ నిన్న అంత చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. ఒక్కొక్క డబ్బానూ ఐసులోంచి తీసి, తుడిచి, గడ్డ కట్టలేదు కదా అని ఊపి చూసి, మందు కలిపి, పేరు అంటిస్తోంది.

మాలకొండయ్య కాళ్ళు ఎడంగా పెట్టి, మొహం కష్టంగా పెట్టుకుని నడుస్తూ వచ్చాడు. డబ్బా ఇచ్చాడు. సుభాషిణి వెలుగుకు ఎత్తి చూసింది.

"కొంచెం మసగ్గా ఉండాదా అమ్మాయ్?" అన్నాడు దిగులుగా. "ఇటియ్యి, ఇంకోసారి వడగడతా."

ఆమె చేతిలోంచి తీసుకుని, మూత తిప్పి, అందరూ చూస్తుండగా గటగటా తాగేశాడు.

పాక కూలిపోయిందనుకోండి. ఒకడు ఐసు పెట్టె మీద పడ్డాడు. ముసలితాతకు ఏం జరిగిందో పక్కవాడు చెవిలో చెప్పాక ఆయన ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. సుభాషిణి ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, టీ వాసన తగిలాక ఆమె కూడా ఆపుకోలేకపోయింది. హజరత్తయ్య ఒక్కడే నవ్వలేదు. ఆయన నవ్వకపోవడమే ఆ తమాషాలో సగం రుచి.

నవ్వు సద్దుమణిగాక సుభాషిణి ఖాళీ డబ్బా చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పింది.

"ఇది అయిపోయింది మామా. నోరు పెట్టినావు. నీ నోటి పొర అంతా ఇందులో కలిసింది. కడిగినా పనికి రాదు. ఇంకోటి ఇయ్యడానికి నా దగ్గర లేదు."

"నాకెందుకమ్మా ఇంకోటి? నా సంచి నాకంటే గట్టిది," అని తీసిపారేసి, మాలకొండయ్య ఎండబెట్టే ఇసకవైపు చూశాడు. చిన్నప్పటినుంచీ అతను ఏ కొంటెపని చేసినా ముందు చూసేది అక్క మొహమే. ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకుని భుజాలు ఊపితే ఆ రోజు పండినట్టు.

పేరమ్మ భుజాలు ఊగలేదు. సుభాషిణి చేతిలోని డబ్బాను చూస్తోంది. చూసి, చేపల తట్ట కింద పెట్టి, చేతులు కూడా కడుక్కోకుండా ఇంటికేసి నడిచింది.

అతను వెళ్ళేసరికి ఆమె ఇంటి వెనక ముక్కాలి పీట మీద కూర్చుని మడవలు చీరుతోంది. కత్తి పొట్టలో దించి, ఒక్క లాగు లాగి, వేలితో పేగు తీసి అవతల పడేస్తోంది. చెయ్యి ఆగలేదు. మాలకొండయ్య ఎదురుగా గొంతుక్కూర్చుని, డాక్టరు కావాల్సినదానివి అక్కా, చేపల అదృష్టం బాగాలేక ఇక్కడ పుట్టినావు అన్నాడు. ఆమె ఇంకో మడవ అందుకుంది. పెద్దకాపు మొహం ఎట్లా పెట్టాడో పెట్టి చూపించాడు. ఒక చేప తీసుకుని దానిచేత మాట్లాడించాడు. అప్పుడు కత్తి ఆగింది.

"నిన్న పొద్దుగూకి వస్తావని చూసినాన్రా నేను."

"నాకు టీ తమాషా ఆలోచించే పని ఉన్నింది గదా. ఏం కావాల?"

"ఆ డబ్బా."

మాలకొండయ్య చేతిలో చేప అలాగే ఉంది.

ఆమె తల వంచుకుని, చీరిన చేపకే చెబుతున్నట్టు చెప్పింది. ఊళ్ళో అందరు ఆడవాళ్ళలాగే తనూ వెలుగు రాకముందే సరస్సులో మోకాలి లోతుకు దిగి కూర్చుంటుంది. నీళ్ళలో పోసింది నీళ్ళలోనే పోతుంది, రంగు ఎవరికి తెలుస్తుంది. ఎండాకాలం చివర్లో పెద్దవాన పడిన రోజు సరస్సుదాకా పోలేక ఇంటి వెనక తెల్ల ఇసకలో కూర్చుంది. లేచి చూస్తే రొయ్యలు ఉడకబెట్టిన నీళ్ళలాగా ఉంది. ఆ తర్వాత నుంచి ఇసకలోనే కూర్చుని చూసుకుంటోంది. కొన్నాళ్ళు మామూలుగా ఉంటుంది, మళ్ళీ అదే. నొప్పి లేదు, మంట లేదు. పక్కూరి ఆరెంపీ డాక్టరు వేడి చేసిందన్నాడు, మాత్రలిచ్చాడు. రెండోసారి పోతే బార్లీ తాగమన్నాడు. మూడోసారి పోతే ఈ వయసులో ఆడవాళ్ళకు ఏదో ఒకటి ఉంటుందిలే అన్నాడు.

"నాతో నోరు తెరిచి చెప్పలేకపోయినావా?"

"నీకు ఏం చెప్పినా ఊరంతా నవ్వుతాది గదరా."

కోపంగా అనలేదు. కత్తి పదునుగా ఉందని చెప్పినట్టు చెప్పింది. మాలకొండయ్య చేపను తట్టలో పెట్టాడు. దాని మొహం పైకి కాకుండా కిందికి తిప్పి పెట్టాడు.

ఇప్పుడే నెల్లూరు పోదాం లే అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పోతే గొట్టం పెడతారు, పెట్టేది మగ డాక్టరో ఎవరో, ఊరికే అనుమానం మీద ఆ పని చేయించుకోను అంది. డబ్బాలో పోసి ఇమ్మంటే ఇస్తా. అది తేడా అని చెప్తే అప్పుడు ఏ గొట్టమైనా సరే.

"ఇంకోమాట. ఎవురికీ చెప్పబాకు. మహాలక్ష్మికి కూడా."

మాలకొండయ్య ఆ సాయంత్రం ఆరోగ్యకేంద్రానికి పోయాడు. బల్ల మీద డబ్బాలు అట్టపెట్టెలో సర్ది ఉన్నాయి. ఒకరికి ఎర్రగా పడతా ఉంటే ఏం చేయాలని అడిగాడు. సుభాషిణి నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది. ఎర్రగా పడితే డబ్బాతో పనిలేదు మామా, నేరుగా నెల్లూరే అంది. ఆయమ్మి రాదు అన్నాడు. ఆయమ్మి అన్న మాటతో సగం అర్థమైంది ఆమెకు. ఎవరని అడగలేదు.

"నా దగ్గర ఒక్కటి కూడా లేదు. పెద్దయ్య ఇంట్లో ఉన్నదొకటే వెనక్కి రాలేదు. రేపు మధ్యాహ్నం వ్యాను వస్తది. ఆలోపల ఎవరు పోసిస్తే వాళ్ళది పంపిస్తా. తేడా అని వస్తే ఆడ డాక్టరు దగ్గరికే తీసకపోతా. ఆ మాట ఆమెతో చెప్పు."

హజరత్తయ్య వాకిట్లో వల కుడుతున్నాడు. మాలకొండయ్య ఎదుట నిలబడి డబ్బా అడిగాడు. వలకుట్టు కండె ఆగకుండా వల కన్నుల్లో దూరి వస్తూనే ఉంది.

"మళ్ళీ ఏం తాగతావు?"

"తాగను బావా."

"ఎవురి నెత్తిన పోస్తావు?"

"పొయ్యను."

"మరెందుకు?"

"చెప్పను."

కండె ఆగింది. ముప్పై ఏళ్ళలో మాలకొండయ్య చెప్పను అన్నది ఇదే మొదటిసారి. హజరత్తయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు, ఎక్కడ దాచాడో వెతుకుతున్నట్టు. ఐసు పెట్టెలో నీళ్ళపాము పెట్టిన రోజు కూడా ఇంత అమాయకంగానే నిలబడినావు అన్నాడు. గిరిబాబు రేపు పొద్దున్నే వస్తున్నాడు, డబ్బా వాడిది అన్నాడు. మళ్ళీ కుట్టు మొదలుపెట్టాడు.

ఇంటికి వస్తుంటే దారిలో ఇద్దరు ముగ్గురు ఆపి, టీలో ఎంత చక్కెర వేసినావు మామా అని అడిగారు. నిన్నయితే దానికి పది సమాధానాలు ఉండేవి. ఊరికే చెయ్యి ఊపి నడిచాడు. అతని వెనక వాళ్ళు ఇంకా నవ్వుకున్నారు. ఇది ఏదో కొత్తదానికి మొదలు అనుకున్నారు. మాలకొండయ్యకు నడుస్తూ నడుస్తూ ఒక సంగతి తోచింది. దారిమధ్యలో నిలబడిపోయాడు. వచ్చిన డబ్బా హజరత్తయ్య బిళ్ళది కాదు.

మర్నాడు వేలం టైముకు ఊరంతా పాకలో ఉంది. రాత్రి పడిన రొయ్యలు కుప్పలు పోసి ఉన్నాయి, నాయుడుపేట వ్యాపారులు ఇంకా రాలేదు. గిరిబాబు బస్సు దిగి వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. బల్ల దగ్గర సుభాషిణి పెట్టెకు టేపు వేయకుండా ఊరికే సర్దుతూ కూర్చుంది. ఇసకలో ఆడవాళ్ళు చేపలు తిరగేస్తున్నారు.

మాలకొండయ్య మధ్యలోకి వచ్చి తన చేపతోక బిళ్ళ నేలమీద పెట్టాడు. అప్పుడే అటూ ఇటూ కిసకిస మొదలైంది.

"నా డబ్బా నేను చెడగొట్టినా. తప్పు వెయ్యండి, కడతా. రెండు వంతులు మొగకు పోవద్దంటే పోను," అన్నాడు. "ఇప్పుడు ఇంకో డబ్బా సంగతి. బావా, నీ దగ్గరుండే డబ్బా ఎవురి బిళ్ళకు వచ్చింది?"

"అందరూ చూసిందే గదా. మునెయ్య బిళ్ళకు."

"ఎవురి బిళ్ళకు వచ్చిన వంతు వాళ్ళే ఎత్తాల. మన కట్టుబాటు అదే గదా?"

"అదే."

"అయితే అందులో మునెయ్య పొయ్యాల. చచ్చి ఆరేళ్ళయిన మనిషి ఎట్టా పోస్తాడు బావా?"

పాక గొల్లుమంది. గిరిబాబు కూడా తలవంచుకుని నవ్వాడు. మాలకొండయ్య నవ్వలేదు. నవ్వు తగ్గేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇతను నవ్వలేదన్న సంగతి ఒక్కొక్కరి కంటా పడేకొద్దీ పాకలో నవ్వు ఒక పక్కనుంచి ఆరిపోతూ వచ్చింది.

"వల అయితే నువ్వు ఎత్తగలవు. వాడి వల, వాడి పడవ, నీ చెయ్యి. దాన్ని నేను అడగను. ఇది వల గాదు. ఇది వంటి లోపలినుంచి రావాల. వాడి వంట్లో ఇప్పుడు ఏమీ లేదు. వాడి ఇంట్లో వాడితో కలిసి బతికిన మనిషి ఒకటే ఉండాది. వాడి వంతులో పడిన ప్రతి చేపను చీరి ఎండేసిన మనిషి. వాడు తాగిన చుట్టే తాగిన మనిషి. ఆ బిళ్ళకు వచ్చిన ఉచ్చ డబ్బా ఆ మనిషిది గాకపోతే ఎవురిది?"

హజరత్తయ్య మొహం గట్టిపడింది. ఇది బిళ్ళ మీదకు ఎసరు పెట్టే తమాషా అన్నాడు. ఇవాళ డబ్బా అంటావు, రేపు మొగ అంటావు అన్నాడు. అయినా పేరమ్మకు దాంతో ఏం పని, ఆమెకేమైంది, ముందు అది చెప్పు అన్నాడు.

మాలకొండయ్య నోరు తెరిచాడు. మూశాడు. ఊరంతా ఆ నోటికేసి చూస్తోంది. ఒక్కమాట చెబితే డబ్బా వస్తుంది. ఆ మాట అతనిది కాదు.

"అది నేను చెప్పను," అన్నాడు.

"చెప్పకపోతే లేదు."

"లేకపోతే లేదు. నేను చెప్పను."

ఇసకవైపు నుంచి ఎవరో నడిచి వచ్చారు. పేరమ్మ. పాక నిట్టాడి గుంజ దగ్గర, నీడ మొదలయ్యే చోట ఆగింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. నోట్లో చుట్ట తీసి, ఆర్పి, పారేసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె మొగుడి అన్న ఎదుట గొంతెత్తింది లేదు, ఆయన వస్తుంటే దారి తప్పుకుని నిలబడేది. ఇప్పుడు ఆయన మొహంలోకే చూసింది.

"వాడు చెప్పడు బావా. నేను చెప్పబాకన్నా," అంది. "నాకు ఎర్రగా పడతా ఉండాది. ఎండాకాలం నుంచి."

రొయ్యల కుప్పలో ఇంకా ప్రాణమున్నవి టపటపా కొట్టుకుంటున్నాయి. సుభాషిణి పెట్టె మూత పూర్తిగా తెరిచి పెట్టింది.

హజరత్తయ్య లేచాడు. ఎవరివైపూ చూడకుండా పాక దిగి ఇంటికి వెళ్ళాడు. పోయాడు, అయిపోయింది అనుకున్నారు అందరూ. గిరిబాబు ఏం చేయాలో తెలియక తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. మాలకొండయ్య నేలమీది తన బిళ్ళ తీసుకోలేదు, అక్క వైపూ చూడలేదు.

పెద్దకాపు తిరిగి వచ్చాడు. చేతిలో కొత్త తువ్వాలు, అందులో డబ్బా. మధ్యలో నిలబడిన మాలకొండయ్యను దాటుకుని నేరుగా నిట్టాడి దగ్గరికి పోయి, తువ్వాలుతో సహా మరదలి చేతుల్లో పెట్టాడు.

"జాగర్తమ్మా," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, వెనక్కి బొటనవేలు చూపించాడు. "వాణ్ణి మాత్రం నోరు పెట్టనీబాకు."

పాకకు అది తమాషా అని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. హజరత్తయ్య నోట తమాషా ఎవరూ విని ఉండలేదు. ముందు నవ్వింది ముసలితాత.

మధ్యాహ్నం వ్యాను కదిలే ముందు పెట్టెలో ఆఖరి డబ్బా చేరింది. దాని మీద ఏం పేరు రాయాలని సుభాషిణి అడిగితే, పేరమ్మ తన పేరే చెప్పింది, ఇంటిపేరుతో సహా.

ఆ పెట్టెలో పద్దెనిమిది డబ్బాలు మగవాళ్ళవి. రెండువారాల తర్వాత ఫోను వచ్చింది ఒక్కదానికే. తేడా ఉందన్నారు. సుభాషిణి మాట తప్పలేదు. వెంట నెల్లూరు వచ్చి, ఆడ డాక్టరు దగ్గరే కూర్చోబెట్టింది. సన్న గొట్టంతో లోపల చూశారు. మెంతిగింజంత ఒకటి, దాని పక్కనే ఇంకా చిన్నది ఒకటి. అదే గొట్టంలోంచి గీకి తీసేశారు, మందు పెట్టారు. తీసిన ముక్కను పరీక్ష చేసి, పైపొర దాటి లోపలికి దిగలేదు, తొందరగా వచ్చారు అంది డాక్టరమ్మ. మూడునెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, ఇది మళ్ళీ మొలిచే రకం కాబట్టి వదిలేయకూడదు, చుట్ట మాత్రం ఇక ముట్టకూడదు అంది. పేరమ్మ తలూపింది. నీళ్ళలో కాకుండా చూసే చోట కూర్చోమని ఊళ్ళో ఆడవాళ్ళందరికీ చెబుతాను అని తనంతట తనే అంది.

ఇంటికి పంపే రోజు మాలకొండయ్య వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అతను ఒక్క కొంటెపనీ చేయలేదు. వరండాలో మంచం వేసిన ముసలాయన పళ్ళసెట్టు గ్లాసులో కనబడుతూ ఎంత ఊరించినా చెయ్యి పెట్టలేదు. పేరమ్మ బాత్రూముల వైపునుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చి, తువ్వాలులో చుట్టిన డబ్బా అతని చేతిలో పెట్టింది.

"డాక్టరమ్మ పోయేముందు ఒకసారి పోసి ఇమ్మనింది. పట్టుకో. ఒలికించబాకు."

డబ్బా వెచ్చగా ఉంది. మాలకొండయ్య దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు, కర్పూరం పళ్ళెం పట్టుకున్నట్టు. మూత వదులైందేమో అని బొటనవేలు దానిమీద అదిమి పెట్టాడు. ఎదురుగా పోయే నర్సు తగులుతుందేమో అని కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"ఈసారి ఎర్రగా లేదు గదక్కా?"

"నువ్వే చూడు."

తువ్వాలు కొంచెం విప్పి కిటికీ వెలుగుకు ఎత్తాడు. తేనెరంగులో, తేటగా ఉంది. ఎరుపు లేదు. ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. లేదు. "లేదక్కా," అన్నాడు. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులూ డబ్బాకే ఉన్నాయి.

పేరమ్మ అతని చేతుల్లోంచి డబ్బా తీసుకుంది. మూత తిప్పింది. ఎత్తి, గటగటా తాగేసింది.

మాలకొండయ్య బల్లమీదనుంచి లేచి గోడకు తగిలాడు. పళ్ళసెట్టు ముసలాయన మంచంలోంచి లేచి కూర్చున్నాడు. కాసేపటికి టీ వాసన వచ్చింది.

"చక్కెర తక్కువైంది," అంది పేరమ్మ, మూతి తుడుచుకుంటూ. "భయపడబాకు, ఇది టెస్టు డబ్బా గాదు. కింద మందులషాపులో కొత్తది అడిగి తెచ్చుకున్నా." అని చీరకొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఊగడం మొదలుపెట్టాయి.

మాలకొండయ్య గోడకు అలాగే ఆనుకుని, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తనకే తెలియకుండా నిలబడ్డాడు. తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అక్కా, ఇది ఊళ్ళో మాత్రం చెప్పబాకు."

"చెప్తా," అంది పేరమ్మ.